పార గుచ్చిన చోటు

ఆ ఏడు మా తోటలో ఇరవై ఆరు చిన్నరసం చెట్లు పూయలేదు. మంచు వల్ల కాదు, పురుగు వల్ల కాదు, ఏడు విడిచి ఏడు కాసే మామిడి గుణం వల్లా కాదు. నా వల్ల. ఈ నాలుగు మాటలు నాన్నతో చెప్పడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

మాది నూజివీడుకి ఆగిరిపల్లి వైపు ఊరు. నాలుగున్నర ఎకరాల తోట. ఎక్కువ భాగం బంగినపల్లి, పల్లంలో చిన్నరసాలు, గట్టు వెంట నాలుగు కలెక్టరు చెట్లు. మెరక మీద ముసలి చెట్లు కొట్టేసిన జాగాలో నలభై కొత్త మొక్కలు పెట్టి అప్పటికి రెండేళ్ళు. నేను చెప్పబోయేదంతా ఆ మెరకకీ ఆ పల్లానికీ మధ్య జరిగింది. నూజివీడు కృష్ణా జిల్లా నుంచి విడిపోయి ఏలూరు జిల్లాలో కలిసిన ఏడు, 2022.

అప్పటికి నా ఇంజనీరింగు అయిపోయింది, ఉద్యోగం ఇంకా రాలేదు. పగలు పోటీ పరీక్షల పుస్తకాలు, రాత్రి మైన్‌క్రాఫ్టు. ఆ ఆటలో నేను ఇళ్ళూ కోటలూ కట్టలేదు. చిక్కు గదులు కట్టాను. ఒక గదిలో అడుగుపెట్టినవాడు ఏదో కనిపెట్టి, ఏదో నొక్కి, తలుపు మూసుకునేలోపు అవతలికి చేరాలి. ఆ 'లోపు' అనే మాటే నాకు పిచ్చి. ఎంతసేపటి లోపు? ఆ సేపుని ఎవరు లెక్కపెట్టాలి? దేనితో?

తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. ఆ ఆటలో రెడ్‌స్టోన్ అని ఒక ఎర్ర పొడి దొరుకుతుంది. నేల మీద గీతలా పోస్తే అదే తీగ. పదిహేను గడులు పోయేసరికి దాని బలం అయిపోతుంది. ఆ పొడితో చేసిన దివిటీ ఉంటుంది. దాని కింద గడికి కరెంటు తగిలితే ఆరిపోతుంది, కరెంటు పోతే వెలుగుతుంది. అంటే అవునన్నదాన్ని కాదనే గేటు. అలాంటి దివిటీలు రెండింటిని ఒకదాని తోక ఇంకొకదాని నోటికి ముడేస్తే లాచ్ అవుతుంది. ఒక్కసారి బటన్ నొక్కి చెయ్యి తీసేసినా, నొక్కిన సంగతి అది పట్టుకునే ఉంటుంది. 1918లో ఇంగ్లండులో ఎక్లిస్, జోర్డన్ అనే ఇద్దరు గాజు గొట్టాలతో చేసి పేటెంటుకి దరఖాస్తు పెట్టిన ఉపాయం ఇదే. ఇప్పుడు మన ఫోన్లలో కోట్లకొద్దీ ఉన్న జ్ఞాపకపు గదుల మూలం అక్కడే ఉంది. ఎర్ర పొడితో నేను మొదటిసారి దాన్ని కట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మట్టి బొమ్మ కళ్ళు తెరిచినట్టు అనిపించింది.

ఇక టైమరు. రిపీటరు అనే బిళ్ళ ఒకటి మహా అయితే 0.4 సెకను ఆలస్యం చేస్తుంది. నలభై సెకన్లు కావాలంటే వంద బిళ్ళలు వరసగా పేర్చాలి. దానికంటే హాపర్లు మేలు. హాపర్ అంటే గరాటు. ఎదురెదురుగా రెండు గరాటులు పెట్టి ఒకదానిలో వస్తువులు పోస్తే, 0.4 సెకనుకి ఒకటి చొప్పున రెండోదానిలోకి జారుతుంటాయి. వంద వస్తువులు జారడానికి నలభై సెకన్లు. మొదటిది ఖాళీ అవగానే పక్కనున్న కంపారేటరు కనిపెట్టి లాచ్‌ని వదిలేస్తుంది. తలుపు మూసుకుంటుంది. మా పల్లెల్లో మామిడి రైతుకి హాపర్ అంటే తేనెమంచు పురుగు. ఫోనులో స్నేహితుడితో 'హాపర్లు ఎక్కువయ్యాయి' అంటుంటే విని, నాన్న అన్నం ముందునుంచి లేచి 'ఏ చెట్టు మీద చూశావురా?' అన్నాడు. ఆయన లోకం అంతా తోటే.

మా బాబాయి కొడుకు అప్పుడు తొమ్మిదో తరగతి. నా గదులు మొదట ఆడేది వాడే. మూడో గదిలో బటన్ నొక్కితే అవతలి తలుపు నలభై సెకన్లు తెరుచుకుని ఉంటుంది. మధ్యలో లావా మీద సన్నటి వంతెన. వాడు వంతెన మీదనుంచి పడిపోయి, మళ్ళీ మొదటి చోట పుట్టి, పరిగెత్తుకొచ్చి బటన్ నొక్కాడు. తలుపు పది సెకన్లకే మూసుకుపోయింది.

"అన్నా, ఇప్పుడేగా నొక్కాను. నలభై ఇవ్వలేదే?"

లాచ్ అప్పటికే పట్టుకుని ఉంది. వాడు రెండోసారి నొక్కింది దానికి లెక్కలోకి రాలేదు. గరాటులో మిగిలినవి పాతిక వస్తువులే. ఇదంతా నాకు ఒక్క చూపులో అర్థమైంది. కానీ వాడితో అన్నది మాత్రం, "మధ్యలో ఎందుకు పడ్డావు?"

వాడు ఊరుకోలేదు. "పడనే పడతారుగా అన్నా. మధ్యలో ఆగిపోయి మళ్ళీ వస్తే ఇది ఎక్కడినుంచి లెక్కపెట్టాలి?"

ఎంత మంచి ప్రశ్నో ఇప్పుడు తెలుస్తోంది. చిక్కు గదులు కట్టే వాళ్ళందరూ మొదట వేసుకోవలసిన ప్రశ్న అదే. నేను దాన్ని ప్రశ్నగా తీసుకోలేదు, ఫిర్యాదుగా తీసుకున్నాను. ఆ రాత్రే కూర్చుని, బటన్ నొక్కగానే ముందు వస్తువులన్నీ మొదటి గరాటులోకి తిరిగి వెళ్ళేలా, ఆ తర్వాతే తలుపు తెరుచుకునేలా మార్చాను. ఎప్పుడు నొక్కినా నిండా నలభై సెకన్లు. నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను: 'ఏ ఆరంభమైనా సున్నా నుంచే.' ఆ గదికి అది సరైన జవాబు. అన్ని గదులకీ అదే జవాబు అనుకోవడం దగ్గర నా బుద్ధి గడ్డి తిన్నది.

నవంబరు రెండో వారంలో మేనత్తకి హైదరాబాదులో ఆపరేషను. నాన్న, అమ్మ వెళ్ళాలి. తోటలో మెరక మీది కొత్త మొక్కలకి రోజు మార్చి రోజు తడి అందాలి, పల్లంలోని చెట్లకి ఒక్క చుక్క కూడా అందకూడదు. మామిడి తెలిసినవాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. పూతకి ముందు రెండు మూడు నెలలు కాపు చెట్టుని బెట్టకి వదలాలి. నీళ్ళు లేక కొమ్మ ఎదగడం మాని, లోపల పూమొగ్గ కట్టుకుంటుంది. ఆ సమయంలో వేరుకి తడి తగిలితే చెట్టు పువ్వు మాట మరిచిపోయి కొత్త ఇగురు తొడుగుతుంది. నాన్న దసరా వెళ్ళిన దగ్గర్నుంచి పల్లం వైపు నీళ్ళు మళ్ళకుండా గట్లు ఎత్తికట్టి, రోజూ ఒకసారి చూసి వచ్చేవాడు.

ఒక మోటారుని రెండు గంటలు ఆడించి ఆపడానికి మనిషి ఎందుకు అన్నాను. నలభై సెకన్లు లెక్కపెట్టినవాడిని రెండు గంటలు లెక్కపెట్టలేనా అనుకున్నాను.

పెట్టె కట్టాను. కరెంటు రాగానే మోటారు అందుకోకూడదు. చుట్టుపక్కల ఆటో స్టార్టర్లన్నీ ఒక్కసారే మోటార్లు లేపితే ట్రాన్స్‌ఫార్మరు తట్టుకోలేదు. మోటారు లేచే క్షణంలో, నడిచేటప్పటికంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. అందుకని మొదట 555 చిప్పు పెట్టాను. హాన్స్ కామెన్‌జిండ్ గీసిన ఆ చిప్పు 1972లో బజారులోకి వచ్చింది, ఇవాళ్టికీ పది రూపాయలకో ఇరవై రూపాయలకో దొరుకుతుంది. ఒక మెగోమ్ రెసిస్టరు, వంద మైక్రోఫారడ్ల కెపాసిటరు వేసి 1.1తో హెచ్చిస్తే 110 సెకన్లు. అంతసేపు ఆగి మోటారు లేస్తుంది. రెండు గంటల లెక్కకి 4060 చిప్పు. అది 8192 చిటికెలు లెక్కపెట్టాక దాని చివరి పిన్ను పైకి లేస్తుంది. చిటికెకి 0.88 సెకను చొప్పున సరిచేస్తే రెండు గంటలు. పిన్ను లేవగానే రిలే వదిలేస్తుంది, మోటారు ఆగుతుంది. త్రీఫేజు తీగలతో చెలగాటం వద్దని, స్టార్టరుకి కలిపే పని మాత్రం మోటార్లు చుట్టే మేస్త్రీ చేత చేయించాను. ఒక్క ఆ విషయంలో జాగ్రత్తపడ్డాను.

ఇక నేను గొప్పగా అనుకున్న భాగం. కరెంటు వచ్చిన క్షణాన 4060 లోపల ఏ అంకె ఉంటుందో చెప్పలేం. అందుకని దాని రీసెట్ పిన్నుకి చిన్న కెపాసిటరు తగిలించాను. కరెంటు వచ్చిన ప్రతిసారీ లెక్క సున్నాకి వస్తుంది. ఏ ఆరంభమైనా సున్నా నుంచే.

తోటలో ఇంకో పని కూడా చేశాను. నాన్న ఒక్కో మొక్కకీ పారతో మడవ తిప్పుతాడు. మనిషి లేనప్పుడు మడవ తిప్పేదెవరు? అందుకని పాది పాదికీ మధ్య గట్టు తెగ్గొట్టి నలభై పాదుల్ని గొలుసులా కలిపాను. మొదటిది నిండితే రెండో దానిలోకి, అది నిండితే మూడో దానిలోకి. రెండు గంటల్లో నలభయ్యోది నిండుతుంది, అప్పుడు మోటారు ఆగుతుంది. ఆగకపోతే? నలభయ్యో పాది అవతల నేల పల్లానికి దిగుతుంది. ఆ సంగతి నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. వానాకాలంలో ఆ వాలులోనే కాగితం పడవలు వదిలేవాడిని.

బయల్దేరే రోజు పొద్దున నాన్న పెట్టె దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. "దీనికి ఇవాళ నీళ్ళు పెట్టేశామో లేదో గుర్తుంటుందా?" అని అడిగాడు.

"ఉంటుంది నాన్నా," అన్నాను.

నేను అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఆయన అడిగింది నాకు అందలేదు. లాచ్ ఉంది, రిలే ఉంది, లెక్క ఉంది, గుర్తుండక ఏమవుతుంది అనుకున్నాను. ఆయన అడిగింది కరెంటు పోయి వచ్చాక గుర్తుంటుందా అని. వ్యవసాయం చేసేవాడికి 'గుర్తు' అంటే అదే. కరెంటు ఉన్నంతసేపు గుర్తుండటం ఆయన దృష్టిలో గుర్తే కాదు.

మా వైపు వ్యవసాయానికి పగలు తొమ్మిది గంటలు కరెంటు ఇస్తారు. ఆ తొమ్మిది గంటల్లో లైను మీద ఏ కొమ్మో పడి, ఎక్కడో ఫీజు కొట్టి, నాలుగైదుసార్లు పోయి రావడం మామూలు. పోయి వచ్చిన ప్రతిసారీ నా పెట్టెకి అది కొత్త రోజు. గంటన్నర ఆడి కరెంటు పోతే, రాగానే మళ్ళీ నిండా రెండు గంటలు మొదలు. రెండు గంటలూ అయిపోయి ఆగినా సరే, ఒక్క నిమిషం కరెంటు పోయి వస్తే మళ్ళీ రెండు గంటలు. రోజు మార్చి రోజు అన్న సంగతి దానిలో అసలే లేదు, ఆ ఒక్కటీ నేనే వెళ్ళి స్విచ్చి చూసుకుంటానని నాన్నకి మాటిచ్చాను. వెళ్ళలేదు. అలా ఆరు రోజులు మోటారు దాదాపు ఆగకుండా ఆడింది.

మూడో రోజున పక్క తోట పెద్దాయన ఫోన్ చేశారు. "ఏరా, మీ మోటారు పొద్దుటినుంచీ ఆడుతూనే ఉంది. కొత్తగా ఏమన్నా వేశారా?"

"టైమరు పెట్టాను బాబాయ్. అదే ఆగుతుంది."

ఆయన ఇంకేమీ అనలేదు. చదువుకున్నవాడు చెప్తున్నాడు కదా అనుకుని ఉంటారు. ఆ ఫోన్ వచ్చేసరికి నేను ఐదో గది కడుతున్నాను. తోట మా ఇంటికి సైకిలు మీద పది నిమిషాలు.

మైన్‌క్రాఫ్టులో ఒక వింత ఉంది. ఆట మొదలయ్యే చోటు సంగతి అప్పట్లో వేరు గానీ, మిగతా చోట్ల ఆడేవాడు దూరంగా వెళ్ళిపోతే అతను వదిలివచ్చిన మేర లోకమంతా ఆగిపోతుంది. గరాటులో జారుతున్న వస్తువు ఆగిపోతుంది, పారే నీరు ఆగిపోతుంది, మొలకెత్తే పైరు ఆగిపోతుంది. అతను తిరిగి వచ్చాకే అన్నీ కదులుతాయి. రెండేళ్ళు రాత్రిళ్ళు అలాంటి లోకంలో ఉన్నవాడికి, తను చూడనిది కదలదనే నమ్మకం ఎముకలో పట్టేస్తుందేమో. ఆటని నేను తప్పుపట్టడం లేదు. నేను అక్కడ లేకపోయినా నీళ్ళు పారతాయన్న సంగతి ఆరు రోజులు నా తలకెక్కలేదని చెప్తున్నాను, అంతే.

ఆరో రోజు సాయంత్రం వెళ్ళాను. పల్లంలో కాలు చీలమండ దాకా దిగబడింది. ఇరవై ఆరు చెట్ల మొదళ్ళలో నీళ్ళు నిలిచి, అందులో ఆకాశం కనపడుతోంది. మోటారు కట్టేసి గట్టు మీద కూలబడ్డాను.

ఆ తర్వాత చేసింది దానికంటే తప్పు. నాన్న వాళ్ళు రావడానికి ఇంకా నాలుగు రోజులుంది. నీళ్ళు ఇంకిపోయాక, పైమట్టి ఆరాక, పార తీసుకుని పల్లమంతా తిరగేసి ఎండు ఆకులు చల్లాను. పాదుల గట్లు మళ్ళీ కట్టాను. నాన్న వచ్చి మెరక మీది మొక్కలు చూసి, "బాగా నిలబెట్టావురా" అని నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చేతి బరువు ఇప్పటికీ తెలుస్తుంది.

సంక్రాంతికి బంగినపల్లి చెట్లన్నీ పూతతో తేలిపోయాయి. తోటలోకి వెళ్తే ఆ వాసనకి తల దిమ్మెక్కుతుంది. పల్లంలో మాత్రం ఇరవై ఆరు చెట్లూ రాగిరంగు కొత్త ఇగురు వేసుకుని మెరుస్తున్నాయి. చూడటానికి ఎంత అందంగా ఉన్నాయో. రైతు కంటికి అంతకంటే అశుభం లేదు. నాన్న ఒక్కో కొమ్మనీ వంచి చూశాడు. "నిరుడు విరగ్గాశాయి, అలసిపోయాయేమో" అన్నాడు. తర్వాత, చివరికొమ్మల్లో ఇంకా ఏమన్నా మొగ్గ దాగి ఉందేమోనని పొటాషియం నైట్రేటు తెచ్చాడు. లీటరు నీళ్ళకి పది గ్రాములు. రెండు విడతలు కొట్టించాడు. లేత ఇగురు మీద ఉన్న కొమ్మ ఆ మందుకి పలకదు. నాకు తెలుసు, పుస్తకంలో చదివాను. తెలిసీ డ్రమ్ములో మందు కలిపింది నేనే. మా నూజివీడులోనే మామిడి పరిశోధన స్థానం ఉంది, ఒక కొమ్మ పట్టుకెళ్ళి అడిగితే నిమిషంలో చెప్పేవారు. నాన్న వెళ్తానంటే, 'ఈ ఏడు అందరికీ ఇలాగే ఉందంట' అని ఆపాను.

మార్చిలో పిందెలు గోళీలంత అయ్యాయి. కాపు చెట్లకి అప్పుడు తడులు ఇవ్వాలి. ఒక మధ్యాహ్నం నాన్న బంగినపల్లి వరసలో మడవ తిప్పుతున్నాడు. కరెంటు పోయింది. ఆయన అప్పటిదాకా నీళ్ళు పారుతున్న పాది పక్కన పార నిలువుగా గుచ్చి, తలపాగా విప్పుకుని నీడకి వచ్చి కూర్చున్నాడు. గంట తర్వాత కరెంటు వచ్చేసరికి ఆయన నిద్రలో ఉన్నాడు. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో అడగకుండానే నేను లేచి పార దగ్గరకి నడిచాను.

నడుస్తుండగా మధ్యలో నిలబడిపోయాను.

ఆ పార నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను. తాత కూడా అలాగే గుచ్చేవాడు. కరెంటు గంటకి వచ్చినా, మర్నాడు వచ్చినా, నీళ్ళు పెట్టే మనిషి మారినా, లెక్క ఎక్కడ ఆగిందో ఆ పార చెబుతుంది. దానికి కరెంటు అక్కర్లేదు. బాబాయి కొడుకు అడిగిన ప్రశ్నకి జవాబు మా తోటలోనే నిలువుగా నిలబడి ఉంది. ఆటలో పడి లేచినవాడికి లెక్క సున్నా నుంచి కావాలి. తోటలో పోయి వచ్చిన కరెంటుకి లెక్క ఆగిన చోటినుంచి కావాలి.

నాన్న లేచాక చెప్పాను. ఫోన్ వచ్చిన సంగతి, మట్టి తిరగేసిన సంగతి, ఆకులు చల్లిన సంగతి, అన్నీ. ఆయన మధ్యలో ఒక్కసారే మాట్లాడాడు, "ఆరు రోజులా?" అని. చాలాసేపటికి ఇలా అన్నాడు:

"మందు డబ్బులు పోతే పోయాయి. చెట్లకి వేరుకుళ్ళో ఏదో పట్టిందేమోనని రెండు నెలలు నాకు నిద్ర లేదురా. ఆ ఒక్క మాట చెప్తే పడుకునేవాణ్ణి."

నేను పోగొట్టింది ఇరవై ఆరు చెట్ల కాపు అని అప్పటిదాకా లెక్కేసుకుంటూ వచ్చాను.

ఆ ఎండాకాలం పెట్టె మళ్ళీ కట్టాను. ఈసారి ఆర్డుయినో. దానిలోని ఈఈప్రామ్‌లో రాసిన అంకె కరెంటు పోయినా చెరగదు. ఒక్కో గడిలో లక్ష సార్లు రాయవచ్చని తయారీదారు హామీ. నిమిషానికోసారి ఒకే గడిలో రాస్తే, రోజుకి నూట ఇరవై చొప్పున రెండేళ్ళ మీద కొంచెం. అందుకని గడులు మార్చుకుంటూ మూడు నిమిషాలకోసారి రాస్తుంది. తేదీకి గుండీ బ్యాటరీతో నడిచే గడియారం చిప్పు పెట్టాను. పోర్టల్ 2 ఆటలో తలుపు పక్కన ఎంతసేపు మిగిలిందో చూపే గుర్తు, టిక్కుటిక్కుమనే చప్పుడు ఉంటాయి. పక్క తోట పెద్దాయనకి కూడా కనపడాలని నేనూ పెట్టె మూత మీద ఎర్ర అంకెలు పెట్టాను. పాదుల్ని మళ్ళీ గొలుసు కట్టలేదు. మడవ మనిషే తిప్పుతాడు, పెట్టె హద్దు దాటకుండా ఆపుతుంది. మూడో గదిని కూడా మార్చాను. బాబాయి కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని, వాడు పడే ప్రతి చోటా ఆగి, ఇక్కడ ఏం కావాలో చెప్పరా అని అడుగుతూ.

నాన్న ఇప్పటికీ పార గుచ్చే వస్తాడు. మొన్న కరెంటు పోయి వచ్చాక నేను వెళ్ళాను. పెట్టె 84 నిమిషాలు చూపుతోంది. మొక్కకి మూడు నిమిషాల చొప్పున ఇరవై ఎనిమిదో మొక్క దగ్గర ఉండాలి. పార ఇరవై ఒకటో మొక్క దగ్గర ఉంది. పొద్దుటినుంచీ ఓల్టేజి తక్కువగా ఉండి పైపులో నీళ్ళు సన్నగా వచ్చాయట. పెట్టె లెక్కపెట్టింది నిమిషాలని, నీళ్ళని కాదు.

అంకెని 63కి వెనక్కి తిప్పి, పార పీకి ఇరవై రెండో పాదికి మడవ తెరిచాను.